మేకల వాళ్ళం మెక్‌కేల్స్ అయిన రోజులు

కిందటి నెలలో బెంటన్‌విల్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాను. వాడు అక్కడి పెద్ద కొట్టు కంపెనీకి కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఆదివారం మధ్యాహ్నం అమెరికన్ల ఆరాధన ముగిసి వాళ్ళ కార్లన్నీ వెళ్ళిపోయాక అదే చర్చి హాల్లో తెలుగు ఆరాధన జరుగుతుంది. ప్రార్థన అయ్యాక అందరం పేపర్ ప్లేట్లలో బిర్యానీ పెట్టుకుని కూర్చున్నాం. తెనాలి వైపు పిల్లట, పెళ్ళయి ఏడాది కూడా కాలేదట, ఒకమ్మాయి నా పక్కన చేరింది. "ఆంటీ, డబ్లిన్ నుంచి వచ్చారంట కదా! కాలిఫోర్నియా వదిలి ఇంత చిన్న ఊరికొస్తే బోర్ కొట్టట్లేదా? బెంటన్‌విల్ ఫస్ట్ టైమా మీకు?" అని అడిగింది. "అవునమ్మా, ఫస్ట్ టైమే" అన్నాను. ఎదురుగా కూర్చున్న మా అబ్బాయి చెంచా ఆపి నా వంక చూశాడు. అబద్ధమని వాడికి తెలుసు. కాదంటే ఎప్పుడొచ్చారు, ఏం చేసేవారు అని మొదలవుతుంది. అదంతా చెప్పే ఓపిక ఆ పూట నాకు లేకపోయింది. ఇక్కడికి పది నిమిషాల దూరంలో, ఫెయిర్ గ్రౌండ్‌లో, గడ్డిమోపుల పక్కన చెక్కలు కొట్టి కట్టిన వేదిక మీద, మా అన్నా అక్కా నేనూ తోలు బూట్లు వేసుకుని కంట్రీ పాటలు పాడేవాళ్ళమని, రేడియోలో మా పాట వస్తే జనం ట్రాక్టర్లు ఆపి వినేవారని చెబితే ఆ పిల్ల నమ్మేదా? నాకే ఒక్కోసారి నమ్మకం కలగదు.

మా ఇంటిపేరు మేకల. నాన్న దేవసహాయం, బాపట్ల దగ్గర పశువుల డాక్టరు. అమ్మ శాంతమ్మ నర్సు. అమెరికాలో నర్సులు కావాలన్న రోజుల్లో అమ్మ ముందుగా ఒక్కతే వచ్చింది, ఏడాదిన్నర తర్వాత నాన్న మా ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. అన్న ప్రకాశం, అక్క కృపామణి, చివర నేను, విమల. బెంటన్‌విల్‌కి అరగంట దూరంలో ఉన్న చిన్న ఊరి ఆస్పత్రిలో అమ్మ ఉద్యోగం. నాన్న డిగ్రీ ఇక్కడ చెల్లలేదు. మళ్ళీ పరీక్షలు రాయాలన్నారు. రెండుసార్లు రాసి, మూడోసారి పుస్తకాలు అట్టపెట్టెలో సర్ది గరాజ్‌లో పెట్టేశాడు. కోళ్ళ ఫ్యాక్టరీలో పని దొరికింది. గొలుసుకి తలకిందులుగా వేలాడుతూ కోళ్ళు వస్తుంటే వాటిలో జబ్బువి గుర్తుపట్టి పక్కకి తీయడం. రోజూ నాలుగింటికి వచ్చేవాడు. గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, నిమ్మచెక్కతో మోచేతుల దాకా రుద్దుకుని గానీ ఇంట్లోకి అడుగుపెట్టేవాడు కాదు. అయినా తడిసిన ఈకల వాసన, క్లోరిన్ వాసన ఆయన వెంట లోపలికి వచ్చేసేవి. అమ్మ దగ్గర డెట్టాల్ వాసన. ఈ రెండు వాసనలూ కలిసి సోఫాలో పక్కపక్కన కూర్చుంటే అదే మా ఇల్లు. ఇప్పటికీ ఏ ఆస్పత్రి వరండాలోనైనా క్లోరిన్ వాసన తగిలితే నాన్న వస్తున్నాడనిపిస్తుంది.

వచ్చేటప్పుడు నాన్న తెచ్చుకున్న రెండు పెట్టెల్లో ఒకటి హార్మోనియం. ఊళ్ళో చర్చిలో పాటలు ఆయనే నడిపించేవాడు. ఇక్కడా సాయంత్రం ఆరున్నరకి కుటుంబ ప్రార్థన ఉండాల్సిందే. అన్నం పొయ్యి మీద ఉడుకుతూ ఉండగా, బొంతలాంటి పాత కార్పెట్ మీద బాసిపట్లు వేసుకుని మేం ముగ్గురం కీర్తనలు పాడేవాళ్ళం. ఎండాకాలం కిటికీలు తెరిచి ఉండేవి. పక్కింటి మిస్ ఓపల్‌కి అప్పటికే డెబ్బై దాటాయి, ఊరి చర్చిలో పియానో వాయించేది. ఒక సాయంత్రం పీచ్ పళ్ళ బుట్ట చేత్తో పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, పాట అయ్యేదాకా వింది. "ముగ్గురూ ఒకే స్వరం మీద ఎందుకెక్కి కూర్చున్నారు? అంత ఇరుకెందుకు?" అంది. ఆ మర్నాటినుంచి మాకు ఆవిడే గురువు. అక్కకి పై వరస ఇచ్చింది, అన్నకి కింది వరస. నా వంతు వచ్చేసరికి కాసేపు ఆలోచించింది. "వాళ్ళిద్దరి మధ్యా ఎవరూ నిలబడని స్వరం ఒకటుంటుంది. నువ్వు దాన్ని వెతుక్కుని దాని మీద నిలబడు. నిన్నెవరూ ప్రత్యేకంగా వినరు, కానీ నువ్వు తప్పుకుంటే అందరికీ తెలుస్తుంది" అంది. పదకొండేళ్ళ పిల్లకి అది మెచ్చుకోలో, ఓదార్పో తెలియలేదు.

ఇక్కడి పల్లెల్లో గిటారు మీద పాడుకునే ఈ కంట్రీ పాటల పిచ్చి మొదట పట్టింది అన్నకి. వేసవిలో పక్క పొలాల్లో గడ్డిమోపులు ఎత్తే పనికి వెళ్ళి పాత గిటారు కొనుక్కున్నాడు. తర్వాత సొంతంగా పాటలు కట్టడం మొదలెట్టాడు. కంకర రోడ్డు చివర చిన్న ఇల్లు, వరండాలో ఎదురుచూసే తల్లి, మంచు పడ్డ కంచె, ఇలాంటివి. మేం ఉండేది రెండు వాటాల అద్దె ఇంట్లో. మా అమ్మకి వరండాలో కూర్చునే తీరిక జన్మలో దొరకలేదు. అయినా అన్న పాట పాడితే ఆ ఇల్లు మాదే అనిపించేది. అక్క పాడేటప్పుడు మాటల చివర గొంతుని మెల్లగా జార్చేది. కీర్తనల్లో మా నాయనమ్మ అలా జార్చేది, అక్కడినుంచి వచ్చిందది. ఇక్కడివాళ్ళకి మాత్రం అది కొండల మీది పాతకాలపు మనుషుల పాటలా వినిపించేది. శనివారం పొద్దున మా ఊరి రేడియోలో స్థానికులు పాడే కార్యక్రమం ఒకటుండేది. మిస్ ఓపల్ మమ్మల్ని తన కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళింది. మేం పాడి ఇంటికొచ్చేసరికి, ఆ పిల్లలెవరు, మళ్ళీ ఎప్పుడు పాడతారని స్టేషన్‌కి ఫోన్లు వచ్చాయట. నాన్న ఆ రోజు చాలాసేపు పెరట్లో అటూ ఇటూ తిరిగాడు. ఈ దేశంలో ఎవరైనా తన ఇంటివాళ్ళ గురించి ఫోన్ చేసి అడగడం ఆయనకి అదే మొదటిసారి.

ఆ ఫోన్ల వెంటే డేల్ వచ్చాడు. చిన్న చిన్న పాటల బృందాలకి ప్రోగ్రాములు కుదిర్చే మనిషి. లావుపాటి నడుము, నవ్వు ముఖం. మా వంటింట్లో కూర్చుని అమ్మ ఇచ్చిన టీ మర్యాదకి రెండు గుక్కలు తాగి, కాగితం మీద మా పేర్లు రాసుకున్నాడు. "మేకల. రేడియోవాళ్ళ నోరు తిరగదు. మెక్‌కేల్ అందామా? ది మెక్‌కేల్స్. ఎంత బావుందో చూడండి!" అన్నాడు. కృప అంటే గ్రేస్ కాబట్టి అక్క గ్రేస్ అయింది. ప్రకాశం అంటే వెలుగు కిరణం కాబట్టి అన్న రే అయ్యాడు. నేను విల్మా. నాన్న ఇంగ్లీషులో ఏమీ అనలేదు. డేల్ వెళ్ళిపోయాక అమ్మతో, "మేకల అన్న పేరుతో మా తాత బాప్తిస్మం తీసుకున్నాడు" అన్నాడు. అమ్మ గిన్నెలు కడుగుతూనే, "మీకిష్టం లేకపోతే వద్దనండి" అంది. నాన్న వద్దనలేదు. మా మొదటి రికార్డు వచ్చినప్పుడు అట్ట మీద మా ఫొటో లేదు. ఎర్ర రంగు కొట్టం బొమ్మ వేశారు. "ముందు పాట విననిద్దాం, తర్వాత మొహాలు చూస్తారు" అన్నాడు డేల్. చెడ్డవాడు కాదు. జనం సంగతి మాకంటే బాగా తెలిసినవాడు, అంతే.

కొట్టం బొమ్మ వెనక మేమున్నామని అమ్మ ఒకసారి చెప్పి చూసింది. ఆస్పత్రిలో తుంటి విరిగి పడుకున్న ముసలాయన మంచం పక్కన రేడియోలో మా పాట వచ్చిందట. ఆయన కళ్ళు మూసుకుని వింటూ, "ఈ మెక్‌కేల్ అమ్మాయి పాడుతుంటే మా ఆవిడ గుర్తొస్తుంది నర్సమ్మా" అన్నాడట. "ఆ అమ్మాయి నా కూతురే" అంది అమ్మ. ఆయన కళ్ళు తెరిచి, అమ్మని తేరిపార చూసి, జాలిగా ఆమె చెయ్యి తట్టి, "డ్యూటీలు ఎక్కువ చేస్తున్నావు, కాస్త విశ్రాంతి తీసుకో తల్లీ" అన్నాడట. అమ్మ నవ్వుతూనే మాకు ఆ కథ చెప్పింది. మళ్ళీ మాత్రం ఎవరికీ ఆ మాట చెప్పలేదు.

శుక్రవారం వచ్చిందంటే ఇంట్లో పద్ధతంతా మారిపోయేది. మేం బడినుంచి వచ్చేసరికి అమ్మ పులిహోర కలిపి పెద్ద స్టీలు డబ్బాలో కుక్కేది. కాఫీపొడి డబ్బాలో ఆవకాయ, గుడ్డలో చుట్టిన చపాతీలు. అమ్మకి శని, ఆదివారాలు డ్యూటీ కాబట్టి మాతో వచ్చేది కాదు. తెలుపు మీద నీలం కుచ్చుల చొక్కాలు మూడు ఆవిడే కుట్టింది. తలకి నూనె రాయకండని డేల్ చెప్పిన దగ్గర్నుంచి, శుక్రవారం పొద్దున్నే మాకు తలంటి, ఎండలో ఆరబెట్టి, స్ప్రే కొట్టి జుట్టు పైకి దువ్వేది. కొబ్బరినూనె వాసన లేని మా తలలు వాసన చూసి, "ఎవరి పిల్లల్లాగో ఉన్నారు" అనేది. నాన్న నాలుగింటికి వచ్చి, రుద్దుకుని, పది నిమిషాలు గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని లేచేవాడు. మట్టిరంగు వ్యాను బయల్దేరేది. మిజోరీ, ఓక్లహోమా, కాన్సస్. ఎక్కడ కౌంటీ ఫెయిర్, అంటే మన తిరనాళ్ళ లాంటి సంత, ఉంటే అక్కడికి. పందుల పోటీలకీ పచ్చళ్ళ పోటీలకీ మధ్య మా పాట. వ్యాను దిగగానే, తినుబండారాల కొట్లు అటువైపు అని ఎవరో ఒకరు దారి చూపించేవారు. మేమే మెక్‌కేల్స్ అంటే డేల్‌కి ఫోన్ చేసి కనుక్కునేవారు. ఒకచోట నిర్వాహకురాలు, పెద్దావిడ, రికార్డు పెట్టి నోరు ఆడిస్తున్నారేమోనని అనుమానపడి, వేదిక వెనక మా చేత గిటారు కూడా లేకుండా పాడించుకుంది. పాట అయ్యాక ఏడ్చింది, అక్కని కావలించుకుంది. "నేను చేసింది తప్పు పాపా" అని మాకు నిమ్మరసం తెచ్చిచ్చింది. అందరూ ఆవిడలా ఉండేవారు కాదు. లేచి వెళ్ళిపోయినవాళ్ళని నేను లెక్కపెట్టుకోకుండా ఉండటానికి, పాడినంతసేపూ ఎదురుగా తిరిగే రంగులరాట్నం వంక చూసేదాన్ని.

అలా ఐదేళ్ళు. మొదటి ఏడాది సరదా, రెండో ఏడాది గర్వం, ఆ తర్వాత ఏమిటో నేను చెప్పలేను. సోమవారం బడిలో బల్ల మీద తల వాల్చి నిద్రపోయేదాన్ని. స్నేహితురాలి పుట్టినరోజుకి వెళ్ళిన గుర్తు లేదు. అన్న కాలేజీలో ఫార్మసీ చదువుతూ వ్యాను వెనక సీట్లో టార్చిలైట్ పెట్టుకుని నోట్సు బట్టీ పట్టేవాడు. అయినా మా ఇంట్లో ఎవరూ, నాకిది చాలు అనేవారు కాదు. నాన్న కోసం అన్న, అన్న కట్టిన పాటల కోసం అక్క, అక్క గొంతు కోసం నాన్న, వీళ్ళందర్నీ చూస్తూ నేను. ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి నాన్న కాళ్ళ నరాలు ఉబ్బేవి. వ్యానులో బూట్లు విప్పి, మేజోళ్ళ మీదే పెడల్ తొక్కేవాడు. ఆయన పక్క సీటు నాది. మాట్లాడుతూ ఆయన్ని మెలకువగా ఉంచడం నా పని. మాటలు అయిపోతే బైబిల్లో వంశావళులు అప్పజెప్పేదాన్ని.

నాష్‌విల్ నుంచి పిలుపు వచ్చింది నాకు పదిహేడేళ్ళప్పుడు. పెద్ద రికార్డు కంపెనీ మనుషులు మమ్మల్ని ఎదురుగా కూర్చుని వింటామన్నారని డేల్ ఫోన్ చేశాడు. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. ఆ రోజు సెలవు దొరకడం కోసం నాన్న గురువారం రెండు షిఫ్టులు వరసగా చేశాడు. తెల్లవారుజామున బయల్దేరాం. మెంఫిస్ దాటి, ఎండ బాగా వచ్చాక, వెనక అన్నా అక్కా ఒకరి భుజం మీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. నేను ఏదో చెబుతూ నాన్న వైపు తిరిగాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. చూపు లేదు. "నాన్నా" అన్నాను. వ్యాను నెమ్మదిగా కుడివైపుకి వాలిపోతోంది. చక్రాల కింద కంకర చప్పుడు మొదలైంది. స్టీరింగ్ పట్టుకుని నావైపునుంచి తోసేశాను. రోడ్డు పక్కన ఇనప స్తంభం నా కిటికీని రాసుకుంటూ పోయింది. అద్దం పగిలి ముక్కలు నా ఒళ్ళో పడ్డాయి. ఇంకో జానెడు ఇటు వచ్చి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

వ్యాను ఆగింది. నాన్న నా ఒళ్ళో గాజుముక్కలు ఏరేస్తున్నాడు. "విమ్మీ, దెబ్బ తగిలిందా?"

"లేదు నాన్నా."

వెనక అన్న లేచి, "ఏమైంది?" అన్నాడు. "లారీవాడు పక్కకి నెట్టేశాడురా" అన్నాడు నాన్న. తర్వాత పెట్రోలు బంకులో వాళ్ళిద్దరూ లోపలికి వెళ్ళినప్పుడు నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు. నీళ్ళతో ముఖం కడుక్కున్నా కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. "అమ్మకి చెప్పకమ్మా. వీళ్ళకీ చెప్పకు. పాడేటప్పుడు భయం ఉండకూడదు" అన్నాడు. సరేనన్నాను. ఇంకో ఆరు గంటల తర్వాత ఇదే మనిషి ఇదే వ్యానులో మమ్మల్ని వెనక్కి తీసుకెళ్ళాలి. పాట నచ్చితే ఇంకా పెద్ద ఊళ్ళు, ఇంకా దూరాలు. ఆ పూట నా బుర్రలో ఉన్నది ఇదొక్కటే. పాడి గెలవడం అన్నది నాకు అప్పుడు కొట్టుకుపోవడం లాగే కనిపించింది.

అది రికార్డింగ్ హాలు. కుర్చీలు గోడవారగా పేర్చి ఉన్నాయి. నలుగురు మగవాళ్ళు, ఒళ్ళో కాగితాలు. నాన్న వాళ్ళ వెనక తలుపు దగ్గర కుర్చీ అంచున కూర్చున్నాడు. కంకర రోడ్డు పాట ఎత్తుకున్నాం. మొదటి చరణం బాగా వచ్చింది, నా చెవులకే తెలిసింది. ఒకాయన పక్కవాడి వైపు చూసి తలాడించాడు. రెండో చరణం దగ్గర నేను ఆపేశాను. పెదాలు కదిలిస్తూనే ఉన్నాను, గొంతు మాత్రం తీసేశాను. అన్న చటుక్కున నావైపు తిరిగాడు. అక్క ఒక్క మాట దగ్గర తడబడింది. వాళ్ళిద్దరి మధ్యా పెద్ద ఖాళీ. పాట కూలిపోతుందనుకున్నాను, కూలిపోవాలనే అనుకున్నాను. కానీ అక్క కళ్ళు మూసుకుని, ఆ ఖాళీలోకి తన గొంతుని జార్చింది. అంత పొడుగునా, అంత నెమ్మదిగా ఆవిడ ఎప్పుడూ పాడలేదు. పక్కన నేనుంటే పాడే వీలు లేకపోయిందేమో. కాగితాల మీద రాసుకుంటున్న వాళ్ళు రాయడం ఆపేశారు.

పాట అయీ అవకముందే నాన్న లేచి నిలబడ్డాడు. "సార్, మధ్య మైకు పనిచేయలేదు. చిన్నమ్మాయి తప్పు కాదు. మైకు మార్చి ఇంకొక్కసారి" అంటున్నాడు, చేతులు జోడించినంత పని చేస్తూ. ముందున్నాయన వెనక్కి తిరిగి చూడకుండానే, "మైకు సంగతి వదిలేయండి మిస్టర్ మెక్‌కేల్. ఆ పెద్దమ్మాయిని ఒక్కదాన్నే పాడమనండి" అన్నాడు.

అక్క ఒక్కతే రెండు పాటలు పాడింది. నేనూ అన్నా గోడ దగ్గర పేర్చిన కుర్చీల పక్కన నిలబడ్డాం. వాళ్ళు అక్కని అడిగారు. మమ్మల్ని కాదు. అందర్నీ ఇంటికి చేర్చాలని నేను చేసిన పని అక్కని ఇంటినుంచి తీసుకుపోయింది.

ఆదివారం చర్చినుంచి వచ్చాక వంటింట్లో గొడవ అయింది. గొడవ అంటే మా ఇంట్లో అరుపులు ఉండవు. నాన్న, "ముగ్గురూ అయితేనే. లేకపోతే లేదని చెప్పేస్తాను" అన్నాడు.

"నాన్నా, నాకు ఇరవై ఏళ్ళు" అంది అక్క. "వాళ్ళు అడిగింది నన్ను. నన్ను నాన్నా."

"మీ ముగ్గురూ ఒకటే అనుకుని కదే నేనింత…" అని నాన్న ఆగిపోయాడు.

అప్పటిదాకా ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మ కత్తి కింద పెట్టింది. "నేను ఒక్కదాన్నే విమానం ఎక్కుతానంటే మీవాళ్ళూ మావాళ్ళూ అందరూ వద్దన్నారు. మీరొక్కరే వెళ్ళమన్నారు. గుర్తుందా?" అంది. నాన్న లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందురోజు అక్క పెట్టె సర్దుకుంటూ, నావైపు చూడకుండా, "నీ మైకు బానే ఉంది కదా విమ్మీ. ఎందుకు?" అని అడిగింది. నాన్నకిచ్చిన మాట గుర్తొచ్చి, "గొంతు పట్టేసింది" అన్నాను. "సరే" అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు మా మధ్య ఆ 'సరే' లాంటి మాటలే నడిచాయి.

అక్క నాష్‌విల్‌లో ఏడాదిన్నర ఉంది. పది పాటలు రికార్డు చేశారు. ఫొటోలు తీశారు, ఆ ఫొటోలు అట్ట మీద వేయాలా వద్దా అని నెలల తరబడి మీటింగులు పెట్టారు. చివరికి ఎవరో, ఇక్కడి ఆదివాసుల్లో చెరోకీ తెగ అమ్మాయి అని చెప్పుకుందాం, అలాగైతే జనం ఒప్పుకుంటారని సలహా ఇచ్చారట. "నేను బాపట్ల అమ్మాయిని" అందట అక్క. ఆవిణ్ణి తెచ్చినాయన ఆ కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. పాటలు ఏ అరలోనో ఉండిపోయాయి. అక్క బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. నాన్న ఒక్కడే వెళ్ళి బస్టాండ్‌నుంచి తీసుకొచ్చాడు. అన్నం తిని, రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కాగితాలు తెచ్చుకుంది. మెక్‌కేల్స్ గురించి ఇంక ఎవరూ మాట్లాడలేదు. అన్న తల్సాలో ఫార్మసిస్టుగా స్థిరపడ్డాడు. నాకు పెళ్ళయి కాలిఫోర్నియా వచ్చాను. నాన్న ఆ వ్యానుని అమ్మకుండా చాలాకాలం ఉంచి, శనివారాలు కడుగుతుండేవాడట. తర్వాత అమ్మ పోయింది. కొన్నేళ్ళకి నాన్నా పోయాడు. నేను ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకున్నాననే అనుకుంటూ వచ్చాను.

చర్చిలో ఆ అమ్మాయితో అబద్ధమాడిన మర్నాడు లిటిల్ రాక్‌లో ఉన్న అక్కకి ఫోన్ చేశాను. రిటైరై, మనవల్ని చూసుకుంటోంది. ఫస్ట్ టైమా అంటే అవునన్నానని చెబితే పగలబడి నవ్వింది. ఆ నవ్వు వింటుంటే ధైర్యం వచ్చింది. నలభై ఏళ్ళ తర్వాత, నాన్న కళ్ళు, కంకర చప్పుడు, నా ఒళ్ళో పడ్డ అద్దం ముక్కలు, అన్నీ చెప్పేశాను.

"నాకు తెలుసే" అంది అక్క. "నేను బస్సు దిగిన రోజు నాన్న చెప్పాడు. వ్యానులో కూర్చున్నాక, స్టార్ట్ చేయకుండా, అంతా చెప్పాడు. 'దాన్నేమీ అనకు, నిద్రపోయింది నేను' అన్నాడు."

"మరి నాతో ఎప్పుడూ అనలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాను. తర్వాత పెళ్ళి, పిల్లలు, డ్యూటీలు. అడిగే ఓపిక పోయింది విమ్మీ."

"కోపం వచ్చిందా?"

"రాకుండా ఎలా ఉంటుంది? విషయం తెలిశాక కూడా ఉండేది. తెలిస్తే పోతుందంటారు గానీ, పోదు. అన్నకి ఆ పాటల బతుకు అక్కర్లేదు, నీకక్కర్లేదు, నాన్నకి కూడా చివరికి చాలనిపించింది. నాకు మాత్రం కావాలి. నిజంగా కావాలి. ఆ సంగతి మీరెవరూ నన్నడగలేదు."

"ఇప్పుడూ ఉందా కోపం?" అన్నాను.

"ఇప్పుడు మోకాళ్ళ నొప్పులున్నాయి" అంది. ఇద్దరం నవ్వాం. క్షమించానని ఆవిడ అనలేదు, నేనూ అడగలేదు. వచ్చే నెల మోకాలికి ఆపరేషనట, దగ్గరుండటానికి వస్తావా అంది. వస్తానన్నాను.

మంగళవారం సాయంత్రం మా మనవరాలు హానాకి కీబోర్డు క్లాసు. ఆరేళ్ళది. మా అబ్బాయి ఆఫీసునుంచి త్వరగా వచ్చి, కారు తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "హానా, లెట్స్ గో నాన్నా, లేట్ అవుతోంది" అన్నాడు. అది సోఫాలో వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడకి ఆనించి, పైకప్పు వంక చూస్తూ, "డాడీ, ఐ యామ్ టైర్డ్. ఇవాళ నాకు వెళ్ళాలని లేదు" అంది. గారంగా కాదు, ఏడుస్తూ కాదు. వాన పడుతోంది అన్నట్టుగా చెప్పింది. వాడు దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసి, తాళాలు బల్ల మీద పెట్టేసి, ఫోన్ తీసి టీచర్‌కి మెసేజ్ పంపించాడు. అంతే. అరనిమిషం పట్టింది. మట్టిరంగు వ్యానులో ఐదేళ్ళు కూర్చున్న మా నలుగురిలో ఒక్కరికి కూడా ఆ మాట నోటికి రాలేదు. మాకెవరూ నోరు మూయమని చెప్పనూ లేదు.

నేను మెట్ల మీద కూర్చుండిపోయి వాళ్ళ వంక చూస్తున్నాను. వాడు నా చూపుని ఇంకోలా అర్థం చేసుకున్నట్టున్నాడు. కొంచెం తప్పు చేసినవాడిలా, "ఒక్క క్లాస్ మిస్ అయితే ఏం కాదులే అమ్మా" అన్నాడు.

"ఒక్కటేంట్రా, పది మిస్ అయినా ఏం కాదు" అన్నాను.